క్లౌడ్‌లో క్లయింట్‌కు కనిపించేది, క్యాండిడేట్‌కు కనిపించనిది

పాలమూరుకు రిక్రూట్‌మెంట్ కొత్త కాదు. దేశంలో ఎక్కడ డ్యామ్ కట్టినా, ఎక్కడ కాలువ తవ్వినా అక్కడ పాలమూరు లేబర్ ఉంటారని పేరుపడ్డ ప్రాంతం ఇది. ఆ లేబర్‌ను కూడగట్టింది గుంపు మేస్త్రీ. ఊళ్లో ఎవరు ఖాళీగా ఉన్నారు, ఎవరికి అప్పుంది, ఎవరింట్లో పెళ్లి పెట్టుకున్నారు, ఎవరు రాతిపని చేయగలరు, ఇవన్నీ అతనికి తెలుసు. అటు కాంట్రాక్టర్‌కు ఎంతమంది కావాలో, ఎంతకు ఒప్పుకుంటాడో కూడా అతనికే తెలుసు. కాంట్రాక్టర్‌కు కూలీ పేరు తెలియదు, కూలీకి కాంట్రాక్టర్ మొహం తెలియదు. రెండువైపులా తెలిసినవాడు మధ్యలో ఒక్కడే కాబట్టి బలమంతా అతని దగ్గరే ఉండేది. అడ్వాన్సుల లెక్కలో, కూలి లెక్కలో జరిగిన చాలా మోసాలకు మూలం కూడా అదే.

అందుకే 1979లో వచ్చిన అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం ఒక పాస్‌బుక్ గురించి ప్రత్యేకంగా చెప్పింది. ప్రతి కార్మికుడికీ అతని ఫోటో అంటించిన పాస్‌బుక్‌ను కాంట్రాక్టర్ ఇవ్వాలంది. పని ఎక్కడ, ఎన్నాళ్లు, కూలి ఎంత అన్నది అందులో రాసి ఉండాలి. హిందీ, ఇంగ్లిష్ రాని మనిషైతే అతనికి వచ్చిన భాషలో కూడా ఉండాలి. లెక్క పనిచేసేవాడి చేతిలో ఉంటే అతన్ని మోసం చేయడం కష్టమన్నది దాని వెనక ఉన్న ఆలోచన. ఆ పుస్తకం చాలామంది చేతికి రాకపోవడం మాత్రం ఈ జిల్లాల అనుభవం.

ఇవాళ మహబూబ్‌నగర్ న్యూటౌన్‌లోనో, నల్లగొండ గడియారం సెంటర్ దగ్గరో రెండు గదుల్లో నడిచే కన్సల్టెన్సీ చేసేది కూడా మధ్యవర్తి పనే. జడ్చర్ల దగ్గర పోలేపల్లి సెజ్‌లో ఫార్మా యూనిట్లకు కెమిస్టులు కావాలి, కొత్తూరు ఫ్యాక్టరీలకు ఆపరేటర్లు కావాలి. హుజూర్‌నగర్, మేళ్లచెరువు సిమెంటు కంపెనీలకు ఫిట్టర్లు, ఎలక్ట్రీషియన్లు కావాలి. దివిటిపల్లిలోనూ నల్లగొండలోనూ 2023లో ఐటీ టవర్లు మొదలయ్యాక కంప్యూటర్ ఉద్యోగాల వెతుకులాట కూడా హైదరాబాద్ దాటి ఇక్కడిదాకా వచ్చింది. ఇవతల మహాత్మాగాంధీ యూనివర్సిటీ నుంచి, పాలమూరు యూనివర్సిటీ నుంచి, ఐటీఐల నుంచి, పాలిటెక్నిక్‌ల నుంచి ఏటా పిల్లలు బయటికొస్తున్నారు. ఈ రెండు ఒడ్లనూ కలపడమే రిక్రూటర్ పని.

ఆ మధ్యలోని మనిషి తలలో, డైరీలో, ఫోన్‌లో ఉన్న సమాచారాన్ని క్లౌడ్, అంటే ఇంటర్నెట్ మీద అద్దెకు దొరికే సాఫ్ట్‌వేర్, బయటికి తీసి ఒక రికార్డుగా మార్చింది. ఆ రికార్డును కన్సల్టెన్సీ ఓనర్ చూడగలడు, క్లయింట్ (మనుషులు కావాలని అడిగిన కంపెనీ) చూడగలడు. ఎవరి గురించైతే ఆ రికార్డు ఉందో ఆ క్యాండిడేట్ మాత్రం చూడలేడు. క్లౌడ్ వల్ల రిక్రూటర్‌కు క్లయింట్ దగ్గరయ్యాడు, క్యాండిడేట్ దూరమయ్యాడు. టెక్నాలజీ స్వభావమే అంత అనుకోవడం పొరపాటు. డబ్బు కట్టేవాడికి ఒక కిటికీ తెరిచి, ఉద్యోగం కోసం ఎదురుచూసేవాడికి మూసి ఉంచడం వల్ల ఇలా అయింది. ఇది ఎలా జరుగుతోందో విడమరిచి చెప్పడానికే ఈ వ్యాసం.

అసలు మారింది ఏమిటి

కంప్యూటర్ శక్తిని, డేటా దాచుకునే చోటును సొంతంగా కొనకుండా ఇంటర్నెట్ మీద అద్దెకు తీసుకోవడమే క్లౌడ్. అమెజాన్ 2006లో ఈ అద్దె సేవలను పెద్ద ఎత్తున మొదలుపెట్టింది. ఆ పునాది మీద సాఫ్ట్‌వేర్ కంపెనీలు తమ సరుకును సీడీలో అమ్మడం మానేసి, నెలకు మనిషికి ఇంత అని అద్దె తీసుకోవడం అలవాటు చేశాయి. ఆ కంప్యూటర్లు ఎక్కడో సముద్రాల అవతల ఉండాలన్న నియమమేమీ లేదు. అమెజాన్ తన హైదరాబాద్ రీజియన్‌ను 2022 నవంబర్‌లో ప్రారంభించింది. మైక్రోసాఫ్ట్ డేటా సెంటర్ల కోసం భూములు తీసుకున్న ఊళ్లలో షాద్‌నగర్ వైపున్న మేకగూడ, ఎలికట్ట కూడా ఉన్నాయి. 2016లో జిల్లాలు విడగొట్టేదాకా అవి మహబూబ్‌నగర్ జిల్లా ఊళ్లే. అయితే డేటా సెంటర్ పక్కనే ఉన్నంత మాత్రాన మీ రెజ్యూమే అక్కడే ఉంటుందని కాదు. ఏ దేశంలో, ఏ రీజియన్‌లో దాచాలన్నది సాఫ్ట్‌వేర్ అమ్మే కంపెనీ నిర్ణయిస్తుంది.

రిక్రూటర్లు వాడే సాఫ్ట్‌వేర్‌ను ఏటీఎస్ అంటారు. దరఖాస్తుల్ని మొదటినుంచి చివరిదాకా వెంబడించే పని దానిది. జోహో రిక్రూట్ లాంటివి మన దగ్గర చిన్న కన్సల్టెన్సీలకు కూడా అందుబాటులో ఉన్నాయి. లోపల జరిగేది ఇది. రెజ్యూమే రాగానే సాఫ్ట్‌వేర్ దాన్ని ముక్కలు చేస్తుంది: పేరు, ఫోన్, మెయిల్, చదువు, అనుభవం, ఊరు, స్కిల్స్. ఒక్కో ముక్కను ఒక్కో గడిలో పెడుతుంది. తర్వాత ఆ మనిషి ఒక వరుసగా మారి స్టేజీలు దాటుతూ పోతాడు: కొత్తది, మాట్లాడాం, క్లయింట్‌కు పంపాం, షార్ట్‌లిస్ట్, ఇంటర్వ్యూ, హోల్డ్, ఆఫర్, జాయినింగ్, రిజెక్ట్. ఎవరు, ఎప్పుడు, ఏ స్టేజీ మార్చారన్నది తేదీ, టైముతో సహా నమోదవుతుంది.

ఒకప్పుడు ఇదంతా ఒక ఎక్సెల్ షీట్‌లో, ఆఫీసులో ఒకే కంప్యూటర్‌లో ఉండేది. సిస్టమ్ చెడిపోతే ఏళ్ల కష్టం పోయేది. ఇప్పుడు ముగ్గురు పనిచేసే ఆఫీసు కూడా, పెద్ద నగరాల్లో వందల మంది పనిచేసే ఆఫీసు వాడే పనిముట్టునే వాడగలుగుతోంది. జిల్లా కేంద్రంలో కూర్చున్న వాళ్లకు ఇది నిజంగా పెద్ద మేలు. కాదనడానికి లేదు.

క్లయింట్‌తో సంబంధం

పాత పద్ధతిలో క్లయింట్‌తో సంబంధం అంటే ఫోన్. "సార్, మూడు ప్రొఫైల్స్ పంపాను, చూశారా?" అని హెచ్‌ఆర్‌కు వారంలో నాలుగుసార్లు ఫోన్ చేయడం, పండక్కి స్వీట్ బాక్స్ ఇవ్వడం, ఫ్యాక్టరీ గేటు దగ్గర ఎదురుచూసి కలవడం. ఇప్పుడు క్లయింట్‌కు ఒక లాగిన్ ఇస్తారు. ఆయన లోపలికి వెళ్లి ఏ ఉద్యోగానికి ఎంతమందిని పంపారో, ఎవరు ఏ స్టేజీలో ఉన్నారో చూసుకుంటాడు, అక్కడే కామెంట్ రాస్తాడు, ఇంటర్వ్యూ టైము పెడతాడు. ఫోన్లు తగ్గాయి, అబద్ధాలు కూడా తగ్గాయి. ఒక్క ప్రొఫైల్ కూడా చేతిలో లేకుండా "పది మందిని చూసి పెట్టాం సార్, రేపు పంపిస్తాం" అనడం ఇప్పుడు కుదరదు. లోపల ఏముందో ఆయనకు కనిపిస్తూనే ఉంటుంది.

పెద్ద కంపెనీలు దీన్ని తిరగేశాయి. కన్సల్టెన్సీ సాఫ్ట్‌వేర్‌లోకి తాము రావడం బదులు, తమ సాఫ్ట్‌వేర్‌లోకే కన్సల్టెన్సీలన్నిటినీ రమ్మంటున్నాయి. ఇలాంటి వాటిని వీఎంఎస్ అంటారు. వెండర్లందరికీ, అంటే మనుషుల్ని పంపే కన్సల్టెన్సీలన్నిటికీ, అందులో ఖాతాలుంటాయి. ఉద్యోగం ఖాళీ కాగానే అందరికీ ఒకేసారి కనిపిస్తుంది, లేదా మార్కులు బాగున్న వెండర్లకు ముందు కనిపించి, తర్వాత మిగతావాళ్లకు కనిపిస్తుంది. మార్కులేమిటంటే, పంపిన వాళ్లలో ఎంతమంది ఇంటర్వ్యూదాకా వెళ్లారు, ఎన్ని రోజుల్లో పోస్టు నింపారు, చేరినవాళ్లు ఎన్నాళ్లు ఉన్నారు. చాలాచోట్ల ఇంకో షరతు కూడా ఉంటుంది: పని అవసరమున్న మేనేజర్‌తో వెండర్ నేరుగా మాట్లాడకూడదు, ఏ ప్రశ్నయినా పోర్టల్‌లోనే అడగాలి.

దీనివల్ల లాభమూ ఉంది, నష్టమూ ఉంది. పేరు లేని చిన్న కన్సల్టెన్సీ కూడా మంచి మనుషుల్ని పంపితే మార్కుల జాబితాలో పైకి రావచ్చు. ఎవరి బావమరిది ఎవరన్నది చూసే పద్ధతి కన్నా ఇది మేలు. నష్టం సంగతికొస్తే, రిక్రూటర్ దగ్గరున్న అసలు తెలివి ఏ గడిలోనూ పట్టదు. ఒక ఫార్మా యూనిట్‌లో క్వాలిటీ కంట్రోల్ పోస్టుందనుకుందాం. జాబ్ డిస్క్రిప్షన్‌లో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ, ఇంత అనుభవం, హెచ్‌పీఎల్‌సీ (మందుల ల్యాబ్‌లో వాడే ఒక పరీక్ష యంత్రం) వచ్చి ఉండాలి అని ఉంటుంది. కంపెనీ బస్సు ఏ ఊరిదాకా వస్తుంది, నైట్ షిఫ్ట్ దిగాక ఆడపిల్ల ఇంటికి ఎలా చేరాలి, అక్కడి సూపర్‌వైజర్‌తో నెగ్గుకురావడం ఎలా ఉంటుంది, ఇవేవీ ఉండవు. ఇవి తెలిసిన రిక్రూటర్ పంపిన మనిషి నిలబడతాడు. తెలియని రిక్రూటర్ పంపిన మనిషి, కాగితం మీద అన్ని అర్హతలూ ఉన్నా, రెండు నెలల్లో మానేస్తాడు. మేనేజర్‌తో మాట్లాడే దారి మూసేస్తే ఈ సంగతులు తెలుసుకునే దారీ మూసుకుపోతుంది.

డబ్బు దగ్గర దీని ప్రభావం సూటిగా పడుతుంది. మన దగ్గర కన్సల్టెన్సీ ఫీజు సాధారణంగా ఏడాది సీటీసీలో (కంపెనీ ఆ మనిషి మీద పెట్టే మొత్తం ఖర్చులో) 8.33 శాతం, అంటే ఒక నెల జీతం. చేరిన మనిషి 90 రోజుల్లోపు మానేస్తే ఫీజు లేకుండా ఇంకొకరిని ఇవ్వాలన్న షరతు చాలా ఒప్పందాల్లో ఉంటుంది. ఈ 90 రోజుల లెక్క ఇప్పుడు సాఫ్ట్‌వేర్ చూసుకుంటుంది, ఎవరూ మరిచిపోరు. ఒకే క్యాండిడేట్‌ను ఇద్దరు వెండర్లు పంపితే ఎవరికి ఫీజు అన్న పాత పంచాయితీ కూడా ఇప్పుడు టైమ్ స్టాంప్‌తో తేలిపోతుంది. ముందు ఎవరు అప్‌లోడ్ చేస్తే వాళ్లదే. ఇది న్యాయంగానే కనిపిస్తుంది. కానీ దీనివల్ల ఒక చెడు అలవాటు పాకింది. క్యాండిడేట్‌ను అడిగి, అతను సరేనన్నాక పంపేలోపు ఇంకెవరో పంపేస్తారన్న టెన్షన్‌తో, ముందు అప్‌లోడ్ చేసి తర్వాత ఫోన్ చేస్తున్నారు. తన పేరు ఏయే కంపెనీలకు వెళ్లిందో తనకే తెలియని క్యాండిడేట్లు ఇలా తయారవుతున్నారు.

క్యాండిడేట్ వైపు నుంచి చూస్తే

ముందు మేలు చెప్పాలి. అచ్చంపేట నుంచో దేవరకొండ నుంచో హైదరాబాద్‌లో ఇంటర్వ్యూకు వెళ్లాలంటే తెల్లవారుజామున బస్సెక్కాలి, ఒక రోజు పని పోవాలి, ఛార్జీలు పెట్టుకోవాలి. తీరా వెళ్లాక "సార్ మీటింగ్‌లో ఉన్నారు, రేపు రండి" అంటే రాత్రి ఎక్కడ ఉండాలో తెలియదు. 2020 కరోనా తర్వాత మొదటి రౌండ్ వీడియోలో జరగడం మామూలైంది. పేదింటి పిల్లలకు ఇది చిన్న సాయం కాదు. ఇంట్లో సిగ్నల్ అందక డాబా మీద కూర్చుని ఇంటర్వ్యూ ఇచ్చినా సరే, ఊరు దాటకుండా ఒక కంపెనీ మేనేజర్‌తో మాట్లాడే వీలు వాళ్లకు మునుపెన్నడూ లేదు.

ఇక చిక్కులు. మొదటిది చిన్నదిగా కనిపిస్తుంది, కానీ దానివల్ల పోయే ఉద్యోగాలు ఎక్కువ. అది మెయిల్ ఐడీ. మన ఊళ్లలో చాలామంది పిల్లలకు మెయిల్ ఐడీ తయారుచేసింది ఇంటర్నెట్ సెంటర్ అతను. ఏదో ఎంట్రన్స్ పరీక్షకో స్కాలర్‌షిప్‌కో అప్లై చేసేటప్పుడు అప్పటికప్పుడు ఒకటి సృష్టించి, పాస్‌వర్డ్ తన పుస్తకంలో రాసుకుని ఉంటాడు. అదే మెయిల్ రెజ్యూమేలోకి ఎక్కింది. ఏటీఎస్ ఇంటర్వ్యూ లింకు, టెస్టు లింకు, ఆఫర్ లెటర్ అన్నీ ఆ మెయిల్‌కే పంపుతుంది. పిల్లాడు దాన్ని తెరవనే తెరవడు. లింకు గడువు అయిపోతుంది. రికార్డులో 'స్పందన లేదు' అని పడుతుంది. క్లయింట్ దృష్టిలో ఆ పిల్లాడికి ఆసక్తి లేదు. రిక్రూటర్ ఫోన్ చేసి "ఒక్కసారి మెయిల్ తెరిచి చూడు తమ్మీ, నేను లైన్‌లోనే ఉంటా" అంటే తేలిపోయే విషయం ఇది. ఆ ఒక్క ఫోన్ చేసే తీరిక మిగలాలనే కదా ఇంత సాఫ్ట్‌వేర్ పెట్టుకున్నది.

ఫోన్ నంబర్‌దీ ఇలాంటి కథే. ఒకే మెయిల్, ఒకే నంబర్ ఉన్న రెండు రెజ్యూమేలు వస్తే డూప్లికేట్‌గా పట్టుకునే ఏర్పాటు చాలా ఏటీఎస్‌లలో ఉంది. మంచి ఏర్పాటే. కానీ అక్కాతమ్ముళ్లిద్దరూ నాన్న నంబరే ఇచ్చిన ఇంట్లో ఏమవుతుంది? ఒకరి రికార్డు మీద ఇంకొకరి వివరాలు ఎక్కుతాయి, లేదా రెండో రెజ్యూమే తిరస్కరణకు గురవుతుంది. పేర్లు కూడా అంతే. మన పేర్లలో ఇంటిపేరు ముందుంటుంది, పదో తరగతి మెమోలో ఇనీషియల్ ఉంటుంది, ఆధార్‌లో పూర్తిగా ఉంటుంది. పేరు ముందు, ఇంటిపేరు తర్వాత అనే లెక్కతో తయారైన సాఫ్ట్‌వేర్ ఇంటిపేరునే పేరనుకుని ఆ గడిలో వేసుకుంటుంది. తర్వాత బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో ఒక్కో కాగితం మీద ఒక్కో పేరు కనిపించి, ఆఫర్ వచ్చిన మనిషి వారాలకొద్దీ ఆగిపోతాడు.

ఊరి పేరు కూడా సమస్యే అవుతుందని నేను అనుకోలేదు. పాత మహబూబ్‌నగర్ జిల్లా ఇప్పుడు మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల, 2019లో విడిపోయిన నారాయణపేట, ఇలా ముక్కలైంది. కొన్ని మండలాలు రంగారెడ్డిలో కలిశాయి. పాత నల్లగొండ మూడు జిల్లాలైంది. పిల్లల రెజ్యూమేల్లో కొందరు పాత జిల్లా పేరు, కొందరు కొత్తది రాస్తారు, ఒకే పేరును ఇంగ్లిష్‌లో నాలుగు రకాలుగా రాస్తారు. క్లయింట్ 'మహబూబ్‌నగర్ వాళ్లే కావాలి, లోకల్ అయితే నిలబడతారు' అని ఫిల్టర్ పెడితే, జడ్చర్లకు దగ్గర్లోనే ఉన్నా పక్క జిల్లాలో పడ్డ ఊరి పిల్లాడు కనిపించడు. గద్వాల పిల్లాడు పాత జిల్లా పేరు రాసినందుకు కనిపిస్తాడు. దూరం కిలోమీటర్లలో చూడకుండా జిల్లా పేరుతో వెతకడం వల్ల వచ్చే చిక్కు ఇది. స్థానిక రిక్రూటర్‌కు ఒక్క చూపులో అర్థమవుతుంది, దూరంగా కూర్చుని ఫిల్టర్ పెట్టేవాళ్లకు అర్థం కాదు.

ఇప్పుడు అన్నిటికన్నా బాధ పెట్టే సంగతి. ఏ కన్సల్టెన్సీకి ఫోన్ చేసి అడిగినా రోజుకు పదిసార్లు వచ్చే కాల్ ఇదేనని చెబుతారు.

"అన్నా, నా ప్రొఫైల్ ఏమైంది?"

"క్లయింట్ దగ్గరుంది తమ్మీ. ఫీడ్‌బ్యాక్ రాలేదు."

"పోయిన నెల కూడా ఇదే అన్నారన్నా."

ఈ మాటలు జరుగుతున్నప్పుడే రిక్రూటర్ ఎదురుగా స్క్రీన్ మీద ఆ పిల్లాడి వరుస తెరిచే ఉంటుంది. ఎప్పుడు పంపారో, క్లయింట్ ఎప్పుడు తెరిచి చూశాడో, ఎప్పుడు హోల్డ్‌లో పెట్టాడో కనిపిస్తూనే ఉంటుంది. కొన్నిసార్లు రిజెక్ట్ అని కూడా ఉంటుంది. అయినా చెప్పరు. పిల్లాడు బాధపడతాడని కొంత, రేపు ఇంకో పోస్టుకు పనికొస్తాడని కొంత, వివరణ ఇవ్వాల్సి వస్తుందని కొంత. డైరీ కాలంలో 'తెలియదు' అంటే చాలాసార్లు నిజంగానే తెలియదు. ఇప్పుడు తెలిసి కూడా తెలియదనాల్సి వస్తోంది. ఈ తేడా రిక్రూటర్లను కూడా లోలోపల తినేస్తోందని నా అభిప్రాయం. క్యాండిడేట్లు కూడా దీనికి తగ్గట్టే మారారు. ఇంటర్వ్యూకు వస్తామని చెప్పి రారు, ఆఫర్ తీసుకుని చేరరు, జాయినింగ్ రోజు ఫోన్ ఎత్తరు. నెలలపాటు తమకు జవాబివ్వని చోట తామెందుకు జవాబివ్వాలని వాళ్లు అనుకుంటే తప్పు పట్టలేను.

ఇంకోటి, క్లౌడ్ దేన్నీ దానంతటది మరిచిపోదు. రిక్రూటర్ హడావుడిలో ఉండి ఒక క్యాండిడేట్ రికార్డులో 'ఇంగ్లిష్ వీక్', 'ఎక్కువ జీతం అడుగుతున్నాడు', 'బిహేవియర్ బాలేదు' అని టైప్ చేస్తుంది. రెండు సెకన్ల పని. మూడేళ్ల తర్వాత ఆ సీట్లోకి ఇంకొకరు వస్తారు, ఆ పేరు వెతుకుతారు, ఆ నోట్ చదువుతారు, పక్కన పెడతారు. ఈ మూడేళ్లలో ఆ పిల్లాడు ఇంగ్లిష్ నేర్చుకున్నాడో లేదో ఎవరూ అడగరు. తన మీద అలాంటి మాట ఒకటి ఉందని అతనికి తెలిసే దారే లేదు. దీనికి యంత్రం తోడైతే ఇంకా ప్రమాదం. అమెజాన్ పదేళ్లలో తనకు వచ్చిన రెజ్యూమేలతో ఒక ఎంపిక సాఫ్ట్‌వేర్‌ను తయారుచేసుకుందని, అది ఆడవాళ్ల రెజ్యూమేలకు మార్కులు తగ్గిస్తోందని తేలాక పక్కన పెట్టిందని 2018లో బయటికొచ్చింది. గతంలో ఎక్కువగా ఎవరి రెజ్యూమేలు వచ్చాయో వాళ్లలాంటివాళ్లనే అది మళ్లీ కోరింది. ఇప్పటిదాకా మన జిల్లాల పిల్లల్ని పెద్దగా తీసుకోని కంపెనీ తన పాత డేటాతో యంత్రానికి నేర్పితే అది ఏం నేర్చుకుంటుందో ఊహించడం కష్టం కాదు.

క్లౌడ్ నిజం చెప్పించిన చోటు కూడా ఒకటుంది. దొంగ ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్లు. పీఎఫ్‌కు 2014లో వచ్చిన యూఏఎన్ నంబర్‌తో (కంపెనీ మారినా మనిషికి ఒకటే ఉండే నంబర్) ఎవరు ఎక్కడ ఎన్నాళ్లు పనిచేశారన్నది ఒకేచోట కనిపిస్తుంది. మూడేళ్ల అనుభవమని కాగితం పెట్టి, పీఎఫ్‌లో ఒక్క నెల కూడా లేకపోతే వెరిఫికేషన్‌లో దొరికిపోతారు. 'బ్యాక్‌డోర్' అంటూ లక్షలు తీసుకుని ఇలాంటి కాగితాలు చేసిచ్చేవాళ్ల చేతిలో మన పిల్లలు ఇప్పటికీ పడుతున్నారు. ఉద్యోగం పోయాక ఆ బ్రోకర్ ఫోన్ కలవదు, తల్లిదండ్రులు చేసిన అప్పు మిగులుతుంది. ఉద్యోగం ఇప్పిస్తానని క్యాండిడేట్ దగ్గర డబ్బు అడిగేవాడి గుమ్మం తొక్కవద్దు. నిఖార్సైన కన్సల్టెన్సీకి డబ్బు ఇచ్చేది కంపెనీయే.

రాత్రి షిఫ్టులో అమెరికా

క్లౌడ్ లేకపోతే అసలు పుట్టనే పుట్టని ఒక రిక్రూట్‌మెంట్ మనవాళ్లకు బాగా తెలుసు. అది బెంచ్ సేల్స్. అమెరికాలో ప్రాజెక్టు లేకుండా ఉన్న కన్సల్టెంట్‌కు (కాంట్రాక్టు మీద పనిచేసే ఐటీ ఉద్యోగికి) అక్కడే ప్రాజెక్టు వెతికిపెట్టే పని. రిక్రూటర్ ఇక్కడ ఉంటుంది, క్యాండిడేట్ టెక్సస్‌లో ఉంటాడు, క్లయింట్ న్యూజెర్సీలో. ఇంటర్నెట్ ఫోన్ మీద అమెరికా నంబర్, క్లౌడ్‌లో ఏటీఎస్ ఉంటే చాలు. అమీర్‌పేటలో దీనికి కోచింగ్ తీసుకుని వచ్చిన అమ్మాయిలు, అబ్బాయిలు సొంత జిల్లాలో ఉంటూ రాత్రుళ్లు పనిచేయగలుగుతున్నారు.

ఆ పద్ధతిలో ఒక మంచి నియమం ఉంది, దాన్ని ఇక్కడ కూడా తెచ్చుకోవాలని నా కోరిక. క్యాండిడేట్‌ను క్లయింట్‌కు పంపేముందు అతని నుంచి మెయిల్‌లో రాతపూర్వకంగా అనుమతి తీసుకుంటారు. ఫలానా ఉద్యోగానికి, ఫలానా క్లయింట్‌కు, ఫలానా రేటుకు మీరు నా తరఫున పంపవచ్చు అని అతను జవాబివ్వాలి. దాన్నే ఆర్‌టీఆర్ అంటారు. ఇద్దరు వెండర్ల నుంచి ఒకే మనిషి వెళ్తే అక్కడి క్లయింట్ ఆ రెండు ప్రొఫైల్స్‌నీ పక్కన పెట్టే ప్రమాదం ఉంది కాబట్టి ఈ జాగ్రత్త. కారణం ఏదైనా, తన పేరు ఎక్కడికి వెళ్తోందో, ఎంత రేటుకు వెళ్తోందో క్యాండిడేట్‌కు ముందే తెలుస్తుంది. జడ్చర్లలో ట్రైనీ కెమిస్టు పోస్టుకు పంపేటప్పుడు ఒక్క వాట్సాప్ మెసేజ్‌తో ఈ పని అయిపోతుంది.

ఈ డేటా ఎవరిది

రిక్రూటర్ ఉద్యోగం మారితే తన ఫోన్‌లోని కాంటాక్టులు తనతో వెళ్లేవి. క్లయింట్లు, క్యాండిడేట్లు కూడా కొంతవరకు ఆమె వెంటే వెళ్లేవాళ్లు. ఇప్పుడు సంభాషణంతా కంపెనీ ఖాతాలో ఉంటుంది. ఆమె వెళ్లిన రోజే లాగిన్ ఆపేస్తారు. కొత్తగా వచ్చినామె అదే రికార్డు చూసి "మీరు పోయినసారి నైట్ షిఫ్ట్ వద్దన్నారు కదా" అని మాట్లాడగలుగుతుంది. ఓనర్‌కు ఇది భరోసా. కానీ క్యాండిడేట్ నమ్మింది ఆ మొదటి మనిషిని. గొంతు మారగానే మళ్లీ మొదటినుంచి మొదలవుతుంది. రికార్డు ఉంది కదా అని రిక్రూటర్లను ఆర్నెల్లకొకర్ని మార్చే ఓనర్లు ఇది గమనించాలి. ఇక ఓనర్ కూడా సొంత ఇంట్లో లేడు, అద్దెకే ఉన్నాడు. సాఫ్ట్‌వేర్ చందా ఆపేస్తే కొంత గడువు తర్వాత డేటా తీసేస్తారు. ఎక్స్‌పోర్ట్ చేసుకునే దారి ఎలా ఉందో, నోట్స్, అటాచ్‌మెంట్లు కూడా వస్తాయో రావో కొనేముందే అడిగి తెలుసుకోవాలి.

భద్రత విషయంలో ఒక అపోహ బాగా ఉంది: క్లౌడ్‌లో పెట్టాం కాబట్టి అంతా వాళ్లే చూసుకుంటారని. సర్వర్లకు తాళం వేయడం వాళ్ల పని. పాస్‌వర్డ్ ఎవరికి ఇచ్చారు, మానేసిన ఉద్యోగి లాగిన్ తీసేశారా, ఒకే లాగిన్‌ను నలుగురు వాడుతున్నారా అన్నది మన పని. అసలు డేటా కారేది చాలాసార్లు సర్వర్ల నుంచి కాదు. క్యాండిడేట్ల ఆధార్ కాపీలు, పాన్ కార్డులు, మెమోలు వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుంటాయి, రిక్రూటర్ల సొంత ఫోన్ల గ్యాలరీల్లో ఉండిపోతాయి.

2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఇక్కడ నేరుగా వర్తిస్తుంది. నిబంధనలు 2025 నవంబర్‌లో నోటిఫై అయ్యాయి, ప్రధాన బాధ్యతలు అమలు చేయడానికి అప్పుడు 18 నెలల గడువిచ్చారు. ఈ చట్టం ప్రకారం, డేటాను ఏ పనికి, ఎలా వాడాలో నిర్ణయించేవాళ్లదే బాధ్యత. సాఫ్ట్‌వేర్ వేరేవాళ్లదని తప్పించుకోవడానికి లేదు. సమ్మతి అడిగేటప్పుడు, ఇచ్చే నోటీసును ఇంగ్లిష్‌లోగానీ రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని ఏ భాషలోగానీ చదువుకునే వీలుండాలి, అంటే తెలుగులో కూడా. తన గురించి ఏముందో అడగడానికి, తప్పుంటే దిద్దమనడానికి, తీసేయమనడానికి మనిషికి హక్కుంది. తగిన భద్రత పెట్టకపోతే జరిమానా రూ.250 కోట్లదాకా వెళ్లవచ్చు. కార్మికుడికి అర్థమయ్యే భాషలో అతని లెక్క అతనికి చూపాలని 1979లో కాగితం మీద చెప్పిన మాటే, ఇప్పుడు కంప్యూటర్ రికార్డులకు కూడా వచ్చింది. ఈసారైనా అది అమలు కావాలి.

రేపటినుంచి చేయగలిగినవి

చట్టం కోసం ఎదురుచూడనక్కర్లేదు. స్టేజీ మారగానే క్యాండిడేట్‌కు దానంతటదే మెసేజ్ పంపే ఏర్పాటు చాలా ఏటీఎస్‌లలో ఇప్పటికే ఉంది. దాన్ని ఆన్ చేసి, తయారుగా ఉన్న ఇంగ్లిష్ మెయిల్ బదులు తెలుగులో రెండు వాక్యాలు రాసి, మెయిల్‌తో పాటు వాట్సాప్‌కు లేదా ఎస్ఎంఎస్‌కు కలపాలి. 'మీ ప్రొఫైల్ ఈ రోజు ఫలానా కంపెనీకి పంపాం', 'ఈ పోస్టుకు మీరు ఎంపిక కాలేదు, కారణం అనుభవం తక్కువ, మీ వివరాలు మా దగ్గర ఉంచుకోమంటారా?' ఇంత చాలు. రిజెక్ట్ అని చెబితే క్యాండిడేట్ పోతాడన్న భయం అర్థమైనదే. కానీ నిజం తెలిసినవాడు ఇంకో దారి వెతుక్కుంటాడు, ఆ నిజం చెప్పినవాళ్లకే తర్వాత ఫోన్ చేస్తాడు.

మొదటి కాల్‌లోనే మెయిల్ తెరిపించి చూడాలి. రికార్డులో నోట్ రాసేటప్పుడు, ఆ మనిషి రేపు దాన్ని చదువుతాడనుకుని రాయాలి. చట్టం అమలైతే నిజంగానే చదవవచ్చు. జిల్లా పేరు పక్కన మండలం, దగ్గరి బస్టాండు కూడా రాసుకుంటే ఫిల్టర్ చేసే అన్యాయం కొంత తగ్గుతుంది. క్యాండిడేట్లు కూడా తమ మెయిల్ పాస్‌వర్డ్ ఈ రోజే మార్చుకుని తమ చేతిలో పెట్టుకోవాలి, ఏ కంపెనీకి పంపారో పేరు అడగాలి, రెజ్యూమేతో పాటు ఆధార్ కాపీ అడిగితే ఆఫర్ వచ్చాక ఇస్తానని చెప్పాలి.

క్లయింట్‌తో ఒప్పందం రాసుకునేటప్పుడు ఇంకొక్క వాక్యం చేర్చాలి. 90 రోజుల్లో మానేస్తే ఉచితంగా ఇంకొకర్ని ఇవ్వాలని క్లయింట్ రాయించుకుంటున్నాడు కదా. ఆ పక్కనే, పంపిన ప్రతి ప్రొఫైల్ మీద ఏడు పనిదినాల్లో అవుననో కాదనో పోర్టల్‌లో రాయాలని, కాదంటే కారణం ఒక్క లైనైనా పెట్టాలని కన్సల్టెన్సీ రాయించుకోవాలి. అన్ని తేదీలూ గుర్తుపెట్టుకునే సాఫ్ట్‌వేర్ ఇద్దరి దగ్గరా ఉంది. ఏడో రోజున గుర్తుచేసే పని దానికే అప్పగించవచ్చు.